అకౌంట్ మళ్లీ మళ్లీ లాక్ అవుతుంటే...



ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో, కాలేజీల్లో కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన ఇబ్బంది గురించి ఈ పూట మాట్లాడుకుందాం. పొద్దున్నే వచ్చి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడితే తెర మీద 'మీ అకౌంట్ లాక్ అయింది' అని వస్తుంది. ఐటీ వాళ్లకు ఫోన్ చేస్తే అన్‌లాక్ చేస్తారు. పని మొదలుపెట్టి అరగంట గడవకముందే మళ్లీ లాక్ అవుతుంది. మళ్లీ ఫోన్, మళ్లీ అన్‌లాక్. మధ్యాహ్నానికల్లా పక్క సీటు వాళ్లు అడగనే అడుగుతారు: "పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవచ్చు కదండీ?"

ఆ మాట చాలా సందర్భాల్లో అన్యాయం. ఒకసారి లాక్ అయితే సరే, మనిషే తప్పు కొట్టి ఉండవచ్చు. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉండి ఉండవచ్చు, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చి కొత్త పాస్‌వర్డ్ మరిచిపోయి ఉండవచ్చు. కానీ అన్‌లాక్ చేసిన కొద్దిసేపటికే, రోజూ, అదే పనిగా లాక్ అవుతోందంటే మాత్రం ముందు మనిషిని కాదు, యంత్రాలను అనుమానించాలి. ఆ ఉద్యోగి పేరు మీద ఎక్కడో ఒక ఫోనో, కంప్యూటరో, ప్రోగ్రామో పాత పాస్‌వర్డ్ కొడుతూనే ఉండే అవకాశమే ఎక్కువ. అదెక్కడుందో కనుక్కోకుండా అన్‌లాక్ ఎన్నిసార్లు చేసినా మరమ్మతు చేసినట్టు కాదు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

అసలు లాక్ అనే ఏర్పాటు ఎందుకుందో ముందు చూద్దాం. ఒకరి పాస్‌వర్డ్ ఊహించి కనిపెట్టాలనుకునేవాడికి ఎన్ని ప్రయత్నాలైనా చేసే వీలిస్తే, ఎప్పటికో ఒకప్పటికి దొరుకుతుంది. వాడు చేత్తో కొట్టడు, ప్రోగ్రామ్‌తో కొట్టిస్తాడు. అందుకే వరసగా ఇన్నిసార్లు తప్పు పడితే ఆ అకౌంట్‌ను కాసేపు మూసేయమని నెట్‌వర్క్‌కు ముందే చెప్పి పెడతారు.

మన దగ్గర చాలా కార్యాలయాల్లో ఉద్యోగుల అకౌంట్లన్నీ మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో ఉంటాయి. ఇది విండోస్ 2000 సర్వర్‌తో వచ్చింది. అందులో లాక్‌కు సంబంధించి 3 అంకెలు నిర్ణయించాలి. ఎన్ని తప్పులకు లాక్ చేయాలి, ఎన్ని నిమిషాలు లాక్‌లో ఉంచాలి, కొత్తగా తప్పు పడకుండా ఎన్ని నిమిషాలు గడిస్తే లెక్కను మళ్లీ సున్నాకు తేవాలి. మొదటి అంకె 0 అని పెడితే అకౌంట్ ఎప్పటికీ లాక్ కాదు. రెండో అంకె 0 అని పెడితే అడ్మినిస్ట్రేటర్ వచ్చి తీసేదాకా లాక్ విడదు. ఈ రెండు సున్నాల తేడా తెలియక చిక్కుల్లో పడే కార్యాలయాలు ఉన్నాయి.

ఈ తప్పుల్ని లెక్కపెట్టేది డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్. పెద్ద సంస్థల్లో ఇవి చాలా ఉంటాయి. హైదరాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి అనుకోండి. విశాఖలో తప్పు పాస్‌వర్డ్ పడితే అక్కడి సర్వర్ వెంటనే కాదనదు. పాస్‌వర్డ్ ఈమధ్యే మారిందేమో, ఆ కబురు తనదాకా ఇంకా రాలేదేమోనని పీడీసీ ఎమ్యులేటర్ అనే బాధ్యత మోస్తున్న సర్వర్‌ను అడుగుతుంది. డొమైన్‌కు, అంటే ఒకే నిర్వహణ కింద ఉన్న అకౌంట్లు, కంప్యూటర్ల సమూహానికి, అలాంటిది ఒక్కటే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్పుల కబురు ముందుగా చేరేది దానికే. అందువల్ల తప్పుల లెక్కలన్నీ దాని దగ్గరికి చేరతాయి. లాక్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాల్సినవాళ్లు మొదట చూడాల్సింది ఆ సర్వర్‌నే. అన్ని సర్వర్లలో లాక్ స్థితి ఒకేసారి చూడాలంటే లాకౌట్ స్టేటస్ అని మైక్రోసాఫ్ట్ వారిదే ఒక చిన్న ఉచిత పరికరం ఉంది. ఏ సర్వర్‌లో ఎన్ని తప్పులు పడ్డాయో, చివరి తప్పు ఎన్ని గంటలకు పడిందో వరసగా చూపిస్తుంది.

పాత పాస్‌వర్డ్‌తో కొడుతూ ఉండే యంత్రాల సంగతి పోలికతో చెబితే త్వరగా అర్థమవుతుంది. ఇంటి తాళం మార్చారు. కొత్త తాళంచెవి మీ చేతిలో ఉంది. కానీ ఏళ్ల తరబడి మీరే ఎవరెవరికో ఇచ్చిన పాత తాళంచెవులు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లు దొంగలు కారు. తాళం మారిందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, అంతే.

ఆ పాత తాళంచెవులు ఎక్కడెక్కడ ఉంటాయి? అన్నిటికంటే ముందు చేతిలో ఉన్న ఫోన్‌లో. ఆఫీసు మెయిల్ ఫోన్‌లో పెట్టుకుంటే ఆ ఫోన్ పాస్‌వర్డ్‌ను దాచుకుని, కొత్త ఉత్తరాలు వచ్చాయేమోనని రాత్రింబవళ్లు సర్వర్‌ను అడుగుతూనే ఉంటుంది. మీరు మార్చి ఇంట్లో పిల్లలకు ఇచ్చేసిన పాత ఫోన్ కూడా అంతే. ఆఫీసు వైఫైకి ఉద్యోగి సొంత యూజర్ నేమ్‌తోనే చేరే పద్ధతి ఉన్నచోట, ఫోన్ జేబులో పెట్టుకుని గేటు దాటి లోపలికి రాగానే అది పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నించడం మొదలుపెడుతుంది. ఇంటి దగ్గర బాగానే ఉన్న అకౌంట్ ఆఫీసుకు రాగానే లాక్ అవుతోందంటే మొదటి అనుమానం దీనిమీదే.

తర్వాతది కంప్యూటరే. 'ఈ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకో' అని ఎప్పుడో టిక్ పెట్టి ఉంటాం. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అనే చోట అవన్నీ భద్రంగా ఉంటాయి. మన పాస్‌వర్డ్ మారినా అవి వాటంతటవి మారవు. వేరే సర్వర్‌లోని ఫోల్డర్‌ను జెడ్ డ్రైవ్ అని, వై డ్రైవ్ అని తగిలించుకున్నచోట కూడా ఇదే కథ. ఇంకొకటి రిమోట్ డెస్క్‌టాప్. వేరే సర్వర్‌లోకి వెళ్లి పని చూసుకుని, లాగౌట్ చేయకుండా పైన ఇంటూ గుర్తు నొక్కి వచ్చేస్తాం. కిటికీ మూతపడుతుంది గానీ అక్కడ మన సెషన్ నడుస్తూనే ఉంటుంది. వారాల తర్వాత కూడా అది పాత పాస్‌వర్డ్‌తోనే వనరుల కోసం ప్రయత్నిస్తుంది. సర్వర్లు చూసుకునే ఐటీ ఉద్యోగుల సొంత అకౌంట్లు లాక్ అవడానికి ఇది తరచూ కనిపించే కారణం.

అన్నిటికంటే కనిపెట్టడం కష్టమైనవి తెరవెనక నడిచే సర్వీసులు, షెడ్యూల్డ్ టాస్కులు. రోజూ ఫలానా గంటకు ఫలానా రిపోర్టు తయారుచెయ్యి అని కంప్యూటర్‌కు పని అప్పగిస్తారు. ఆ పని ఎవరి పేరు మీద జరగాలో అడిగితే, ఆ క్షణాన చేతికందిన ఉద్యోగి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. ఆ సంగతి ఇచ్చినవాళ్లూ మరిచిపోతారు, ఇప్పించుకున్నవాళ్లూ మరిచిపోతారు.

ఇక్కడ చాలామంది ఐటీ వాళ్లకు కూడా అంతగా తెలియని సంగతి ఒకటుంది. విండోస్ సర్వర్ 2003 నుంచి యాక్టివ్ డైరెక్టరీ ఒక వెసులుబాటు ఇస్తోంది. పాత పాస్‌వర్డుల చరిత్రను దాచే ఏర్పాటు ఉన్నచోట, తప్పు పడిన పాస్‌వర్డ్ మీరు చివరిగా మార్చేసిన రెండు పాత పాస్‌వర్డుల్లో ఒకటైతే, లోపలికి రానివ్వదు గానీ దాన్ని తప్పుల లెక్కలో వేయదు. పాపం, మార్పు తెలియని యంత్రం ఏదో అడుగుతోందని వదిలేస్తుంది. అంతకంటే పాతదైతే మాత్రం లెక్క వేస్తుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఆస్పత్రి బిల్లింగ్ విభాగాన్ని ఊహించుకుని చూద్దాం. అక్కడ ఒకామె పేరు మీద ఏడాది క్రితం షెడ్యూల్డ్ టాస్క్ పెట్టారు. ప్రతి 5 నిమిషాలకూ ఒక ఫైలును ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపడం దాని పని. ఆ తర్వాత ఆమె పాస్‌వర్డ్ మార్చుకుంది. టాస్క్ ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది, కానీ ఆ ఫైలు అవసరం ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరూ గమనించలేదు. అకౌంట్ లాక్ కూడా కాలేదు, ఎందుకంటే టాస్క్ కొడుతున్నది వెనకటి పాస్‌వర్డే కాబట్టి వెసులుబాటు వర్తించింది. కొన్నాళ్లకు ఆమె సెలవు మీద వెళ్లొచ్చి పాస్‌వర్డ్ మరిచిపోయింది. హెల్ప్‌డెస్క్ వాళ్లు తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చారు. దాంతో లోపలికి వెళ్లి తనకు నచ్చినది పెట్టుకుంది. అంటే ఆ ఒక్క పూటలోనే పాస్‌వర్డ్ రెండుసార్లు మారింది. టాస్క్ దగ్గరున్నది ఇప్పుడు మూడు మార్పుల వెనకటిది. వెసులుబాటు పోయింది. 5 తప్పులకు లాక్ అనే నిబంధన ఉంటే, 5 నిమిషాలకోటి చొప్పున 20, 25 నిమిషాల్లో అకౌంట్ లాక్.

ఆమె మళ్లీ ఫోన్ చేస్తుంది. "మేడమ్, పాస్‌వర్డ్ ఒకసారి మార్చి చూద్దాం" అంటారు అటువైపు నుంచి. మారుస్తారు. ఏమీ మారదు. పైగా ఇంతకాలం వెసులుబాటులో ఉన్న ఇంకో యంత్రం, ఆమె ఫోనే కావచ్చు, అది కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చేస్తుంది. మందనుకుని వేసిందే జబ్బును పెంచుతుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: పాస్‌వర్డ్ గుర్తున్న మనిషికి, లాక్ అవుతోందన్న ఒక్క కారణంతో పాస్‌వర్డ్ రీసెట్ చేయకండి. అన్‌లాక్ వేరు, రీసెట్ వేరు. అయితే పాస్‌వర్డ్ బయటి వాళ్ల చేతిలో పడిందన్న అనుమానం ఉంటే మాత్రం క్షణం ఆలస్యం లేకుండా మార్చాల్సిందే.

మరి వెతకడం ఎలా? సర్వర్ మౌనంగా ఉండదు, అన్నీ రాసి పెడుతుంది. అకౌంట్ లాక్ అయిన ప్రతిసారీ సెక్యూరిటీ లాగ్‌లో 4740 అనే నంబరుతో ఒక నమోదు పడుతుంది, ఆడిట్ ఏర్పాటు సరిగా ఉన్నచోట. దాన్ని తెరిస్తే లాక్ అయిన అకౌంట్ పేరు, సమయం, కాలర్ కంప్యూటర్ నేమ్ అనే ఒక వరస కనిపిస్తాయి. తప్పు పాస్‌వర్డ్ ఏ యంత్రం నుంచి వచ్చిందో చెప్పేది ఆ వరసే. మన ఉదాహరణలో అక్కడ ఆమె కౌంటర్ కంప్యూటర్ పేరు ఉండదు. కింది అంతస్తులో, ఇప్పుడు రికార్డుల గదిలో వాడుతున్న ఇంకో కంప్యూటర్ పేరు ఉంటుంది. ఆమె దాని ముందు కూర్చుని నెలలైంది.

ఇప్పుడు ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలి. దాని సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు నమోదులు వెతకాలి. విఫలమైన లాగిన్లు అవే. ఒక్కోదాంట్లో లాగాన్ టైప్ అని ఒక అంకె ఉంటుంది. 2 అయితే కీబోర్డ్ ముందు మనిషి కూర్చుని కొట్టాడు. 3 అయితే నెట్‌వర్క్ మీదుగా వచ్చింది. 4 అయితే షెడ్యూల్డ్ టాస్క్, 5 అయితే సర్వీస్, 10 అయితే రిమోట్ డెస్క్‌టాప్. బిల్లింగ్ ఆమె విషయంలో ఆ అంకె 4. టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే ఆమె పేరుతో ఏడాది నాటి టాస్క్ కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే సమస్య అక్కడితో సరి. ఆ పని ఇంకా అవసరమే అయితే, మనుషుల పేరు మీద కాకుండా దానికోసమే కేటాయించిన సర్వీస్ అకౌంట్ మీద పెట్టాలి.

ఒక్కోసారి కాలర్ కంప్యూటర్ అని మెయిల్ సర్వర్ పేరో, వైఫై లాగిన్లు చూసే రేడియస్ సర్వర్ పేరో వస్తుంది. అక్కడితో నిరాశపడి ఆగిపోకూడదు. అవి మధ్యవర్తులు. మెయిల్ సర్వర్‌లోని వెబ్ లాగ్ చూస్తే ఏ రకం ఫోన్ అడిగిందో తెలుస్తుంది. రేడియస్ లాగ్ చూస్తే ఆ ఫోన్‌ను గుర్తుపట్టించే మాక్ అడ్రస్ దొరుకుతుంది. డొమైన్ కంట్రోలర్ మీదే 4771, 4776 నంబర్ల నమోదులు కూడా చూడాలి. పాస్‌వర్డ్ తనిఖీకి విండోస్ వాడే రెండు పద్ధతుల్లో, మొదటిది కెర్బరోస్ పద్ధతిలో, రెండోది ఎన్‌టీఎల్‌ఎం పద్ధతిలో పడిన తప్పుల్ని చెబుతుంది. మొదటిదాంట్లో అడిగిన యంత్రం ఐపీ అడ్రస్ ఉంటుంది. ఇన్ని చూసినా తేలకపోతే లాగిన్ ప్రయత్నాలను ఇంకా వివరంగా రాసే నెట్‌లాగాన్ లాగ్‌ను ఆన్ చేసి పెట్టుకోవాలి.

సమయాలను కూడా కాగితం మీద వరసగా రాసి చూడండి. మనిషి చేసే తప్పులకు లయ ఉండదు. సరిగ్గా 5 నిమిషాలకో, 15 నిమిషాలకో, అర్ధరాత్రి 2 గంటలకు కూడా పడుతున్నాయంటే అది యంత్రమే. ఆ కాగితం ఒక్కటి చాలు, ఆ ఉద్యోగి మీద పడిన మరుపు నింద తొలగిపోవడానికి.

అయితే అన్ని లాకులూ అమాయకమైనవి కావు. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వార్మ్ కార్యాలయ నెట్‌వర్కుల్లో చొరబడి, తేలిక పాస్‌వర్డుల జాబితాతో పక్క కంప్యూటర్ల మీద ప్రయత్నించేది. దాని దెబ్బకు అకౌంట్లు గుంపులు గుంపులుగా లాక్ అయ్యేవి. ఆ వార్మ్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ అనే మందు ఇచ్చింది అంతకుముందు నెల, అక్టోబరులోనే. వేయించుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. కాబట్టి ఒకరి అకౌంట్ లాక్ అయితే అది ఒకరి సమస్య. ఒకే పూట పదిమందివి లాక్ అయితే అది సంస్థ సమస్య, వెంటనే భద్రతా విభాగానికి చెప్పాలి.

ఇప్పటి దాడిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తపరులు. ఒకే అకౌంట్ మీద వంద పాస్‌వర్డులు కొడితే లాక్ అవుతుందని వాళ్లకు తెలుసు. అందుకని ఒకే తేలిక పాస్‌వర్డ్‌ను వందల అకౌంట్ల మీద ఒక్కోసారి కొట్టి చూస్తారు. పాస్‌వర్డ్ స్ప్రే అంటారు దీన్ని. దీనికి లాక్ అడ్డు పడదు. కాబట్టి తప్పుల సంఖ్యను 3కు తగ్గించేస్తే భద్రత పెరిగిపోతుందనుకోవడం భ్రమ. పైగా అంత తక్కువ పెడితే, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వెబ్‌మెయిల్ మీదో, వీపీఎన్ మీదో కావాలని తప్పు పాస్‌వర్డులు కొట్టి సంస్థలో అందరినీ బయట నిలబెట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ 2022లో విండోస్ 11 కొత్త వెర్షన్‌లో స్థానిక అకౌంట్లకు 10 తప్పులు, 10 నిమిషాలు అని పెట్టింది. మనిషి పొరపాటుకు చోటిస్తూనే ఊహించేవాణ్ని ఆపడానికి అది సరిపడే అంకె. అసలైన రక్షణ రెండో గుర్తింపులో ఉంది, ఫోన్‌కు వచ్చే అనుమతి లాంటిది.

అసలు పాస్‌వర్డును నెలకో, రెండు నెలలకో బలవంతంగా మార్పించే నిబంధన గురించి కూడా యాజమాన్యాలు మళ్లీ ఆలోచించాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డులు మార్పించవద్దని చెప్పింది. బయటపడిందన్న ఆధారం ఉంటే మార్పించమంది. మైక్రోసాఫ్ట్ 2019లో తన భద్రతా సిఫార్సుల్లోంచి ఈ గడువును తీసేసింది. మనుషులు గడువు వచ్చినప్పుడల్లా చివరి అంకె 1ని 2 చేసి ఊరుకుంటారని ఎవరికి తెలియదు? అలా మార్చిన ప్రతిసారీ పాత పాస్‌వర్డుతో మిగిలిపోయే యంత్రాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

చివరిగా, ఎవరేం చేయాలో చెబుతాను.

ఉద్యోగులు పాస్‌వర్డ్ మార్చిన రోజే ఫోన్‌లో మెయిల్, వైఫై పాస్‌వర్డులు మార్చుకోవాలి. పాత ఫోన్ ఇంకొకరికి ఇచ్చేముందు ఆఫీసు అకౌంట్ తీసేయాలి. రిమోట్ డెస్క్‌టాప్ నుంచి వచ్చేటప్పుడు సైనౌట్ చేసి రావాలి. మీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇంకొకరి పనికోసం ఎక్కడా పెట్టనివ్వకండి, అడిగినవారు ఐటీ విభాగం వారైనా సరే. లాక్ అయినప్పుడు సమయం, మీరు ఏ కంప్యూటర్ మీద ఉన్నదీ రాసి పెట్టుకుంటే వెతికేవాళ్ల పని సగం తగ్గుతుంది.

హెల్ప్‌డెస్క్‌లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో, విశాఖలో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని సముద్రాల అవతలి వాళ్ల అకౌంట్లు కూడా అన్‌లాక్ చేసేవారు మీలో ఎంతోమంది ఉన్నారు. టికెట్ త్వరగా మూయాలన్న ఒత్తిడి మీ మీద ఎంత ఉంటుందో నాకు తెలుసు. అయినా ఫోన్ చేసినది ఆ మనిషేనో కాదో నిర్ధారించుకోకుండా అన్‌లాక్ చేయకండి. మనుషుల్ని మాటల్లో పెట్టి హెల్ప్‌డెస్క్ ద్వారానే చొరబడేవాళ్లున్నారు. రెండోసారి అదే అకౌంట్ లాక్ అయితే అన్‌లాక్‌తో పాటు 4740 నమోదు తెరిచి, కాలర్ కంప్యూటర్ పేరును టికెట్‌లో రాయండి. తర్వాత చూసేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.

టికెట్లు ఎన్ని మూశారనే లెక్కతోనే పనిని కొలిచే అధికారులు ఇంకో లెక్క కూడా అడగాలి: అదే మనిషి అదే సమస్యతో ఎన్నిసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది? రోజుకు ఆరుసార్లు అన్‌లాక్ చేస్తే కాగితం మీద ఆరు పనులు పూర్తయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక పని ఆరుసార్లు వాయిదా పడింది. ఆస్పత్రి కౌంటర్‌లో ఆ ఆరుసార్లూ బిల్లు కోసం నిలబడ్డవాళ్లు ఎదురుచూశారు. ఒక ఉద్యోగి ఆరుసార్లు తన తప్పు కానిదానికి క్షమాపణ చెప్పుకుంది. ఎక్కడి నుంచి అన్న ప్రశ్న మొదటి రోజే వేసి ఉంటే, ఒక గంట వెతుకులాటతో అందరికీ ఆ ఇబ్బంది తీరిపోయేది.